పసిపిల్లలలో ఉబ్బసపు గుర్తులు: తల్లిదండ్రులు గమనింపవలసిన విషయములు

మన నేతవారి ఇండ్లలో ఇల్లు వేరు, కార్ఖానా వేరు కాదు. ఒకే కప్పు క్రింద మగ్గము, రాట్నము, పొయ్యి, పసిబిడ్డ ఉయ్యాల అన్నియు ఉండును. పెద్దలకు తెల్లవారినది మొదలు నూలు నూగు ముక్కున పడుచునే యుండును గనుక ఇంట ఒకరు దగ్గినచో ఎవ్వరును తలయెత్తి చూడరు. "దుమ్ము దగ్గులే, అదే పోవును" అని సరిపెట్టుకొనుట మనకు అలవాటు. అయిదేండ్లలోపు బిడ్డ విషయములో ఈ మాట చెప్పుకొని ఊరకుండరాదని తెలుపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము. మేము వైద్యులము కాము. వైద్యులు చెప్పు సంగతులను మన ఇండ్లకు తగినట్లు విడమరచి చెప్పుటయే మా ప్రయత్నము.

ఉబ్బసమనగా నేమి?

ఊపిరితిత్తులలోనికి గాలిని కొనిపోవు సన్నని గొట్టములు కొందరికి మిక్కిలి సున్నితముగా నుండును. జలుబు చేసినపుడు గాని, పొగ, దుమ్ము, చలిగాలి తగిలినపుడు గాని ఆ గొట్టముల లోపలి పొర వాచును. చుట్టునున్న కండరము బిగియును. లోపల జిగట కఫము చేరును. దారి ఇరుకగుటచే లోనికి పోయిన గాలి వెలుపలికి వచ్చుట కష్టమగును. అట్లు వచ్చునపుడు సన్నని ఈల వంటి శబ్దము వినిపించును. దీనినే మనము పిల్లికూతలందుము. షోలాపురము, భివండి వైపు మనవారు ఈ జబ్బును దమ్ము అని కూడ అందురు. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచములో తిన్నందువలన ఒక బిడ్డ నుండి మరియొక బిడ్డకు రాదు.

నూలు మిల్లులలో దూది ధూళి పీల్చిన కార్మికులకు వచ్చు బిస్సినోసిస్ అను వ్యాధి వేరు. సెలవు దినము గడచి సోమవారము పనిలో దిగగానే ఛాతీ పట్టివేయుట దాని తొలి గుర్తు. అది పని వలన పెద్దలకు వచ్చునది. పిల్లల ఉబ్బసమును దానితో కలుపరాదు.

గమనింపవలసిన గుర్తులు

1. పగలు బాగుగా ఆడుకొను బిడ్డ నడిరాత్రిగాని, తెల్లవారుజామునగాని దగ్గుచు మేల్కొనుట. ఇట్లు పలుమార్లు జరుగుట.

2. పరుగెత్తినపుడు, గట్టిగా నవ్వినపుడు, ఏడ్చినపుడు దగ్గు తెర వచ్చుట.

3. ఊపిరి విడుచునపుడు పిల్లికూతలు వినబడుట.

4. జలుబు చేసిన ప్రతిసారి అది ఛాతీలోనికి దిగి, పది దినములు దాటినను దగ్గు విడువకుండుట.

5. తోటిపిల్లలు ఆడుచుండగా తాను మధ్యలో కూర్చుండిపోవుట, ఎత్తుకొమ్మని మారాము చేయుట. దీనిని సోమరితనమని అనుకొనుచుందురు.

6. చంటిబిడ్డయైనచో పాలు త్రాగుచు మాటిమాటికి విడిచి రొప్పుట.

తల్లికిగాని తండ్రికిగాని ఉబ్బసమున్నను, బిడ్డకు దురదతో కూడిన తామర వంటి చర్మవ్యాధి ఉన్నను, పై గుర్తులకు మరింత బలము చేకూరును.

అయితే ప్రతి పిల్లికూతయు ఉబ్బసము కాదు. పసివారి గొట్టములు సహజముగనే సన్ననివి. జలుబు చేసినపుడు మాత్రమే పిల్లికూతలు వచ్చి, బడికి పోవు వయస్సు వచ్చుసరికి పూర్తిగా తగ్గిపోవు పిల్లలు చాలమంది యున్నారు. అందుచేత భయపడనక్కరలేదు, ఉపేక్షింపనురాదు. జలుబు లేని దినములలో కూడ ఈ గుర్తులు కనబడుచున్నచో ఆలస్యము చేయక పిల్లల వైద్యునికి చూపవలెను.

కొన్ని దగ్గులు వేరు జాతివి. పల్లీలు, శనగలు, పూసలు వంటివి నోట పెట్టుకొన్న బిడ్డ ఉన్నట్టుండి ఉక్కిరిబిక్కిరియై, అప్పటినుండి దగ్గుచున్నచో ఏదియో గొంతు దాటి ఊపిరిదారిలో ఇరుకుకొని యుండవచ్చును. వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. రెండు వారములు దాటిన దగ్గుతో జ్వరము, బరువు తగ్గుట ఉన్నచో క్షయ పరీక్ష చేయించవలెను.

చిట్టా పుస్తకము

ఉబ్బసములోని చిక్కు ఏమనగా, అది రాత్రి వచ్చి పగలు దాగుకొనును. మధ్యాహ్నము వైద్యుడు గొట్టము పెట్టి చూచునప్పటికి ఛాతీ శుభ్రముగా నుండవచ్చును. ఊపిరి ఊది చూచు పరీక్ష సాధారణముగా అయిదారేండ్లు దాటినగాని పిల్లలు చేయలేరు. కావున అంతకు చిన్నబిడ్డ విషయములో వైద్యునికి ముఖ్యమైన ఆధారము తల్లి చెప్పు మాటయే. ఆ మాట సరిగా చెప్పలేకపోయినచో ప్రతిసారి దగ్గుమందు సీసాతోనే తిరిగి రావలసి యుండును.

సంఘములో నూలు ఎంత ఇచ్చినది, బట్ట ఎంత వచ్చినది చిట్టాలో వ్రాసికొనుట మనకు తెలిసిన పనియే. అట్లే బిడ్డకొక చిన్న పుస్తకము పెట్టుడు. తేది, దగ్గు వచ్చిన వేళ, ఎంతసేపు ఉన్నది, పిల్లికూతలు వినబడినవా, ఆ దినము ఇంట ఏ పని జరిగినది వ్రాయుడు. కండెలు చుట్టిన దినమా, రంగు కలిపిన దినమా, పొయ్యి పొగ కమ్మిన దినమా, చలి ముదిరిన రాత్రియా తెలియును. నెల తిరుగునప్పటికి లెక్క దానంతట అదే మాటలాడును. చేతి ఫోనులో రాత్రిపూట బిడ్డ ఊపిరిని, దాని శబ్దముతో సహా, ఒక నిమిషము చిత్రము తీసి చూపుట ఇంకను మేలు.

మహారాష్ట్రములో ఉన్న మన తల్లులకు మరియొక మాట. మరాఠీ వైద్యుని యెదుట "ఖోకలా" అన్నచో దగ్గు అని మాత్రమే అర్థమగును. "రాత్రీ దమ్ లాగతో", "ఛాతీత్ ఘర్‌ఘర్ హోతే" అని కూడ చెప్పవలెను.

ఊపిరి లెక్కించుట

బిడ్డ నిద్రించునపుడుగాని, ఏడవక నెమ్మదిగా నున్నపుడుగాని పొట్ట ఎగయుటను చూచుచు పూర్తిగా ఒక నిమిషము లెక్కించవలెను. రెండు నెలలు నిండని శిశువునకు 60, రెండు నెలలు మొదలు ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాది నుండి అయిదేండ్లలోపు బిడ్డకు 40, లేక అంతకు మించినచో వేగపు ఊపిరియే. అది ఉబ్బసము కావచ్చును, న్యుమోనియా కావచ్చును. ఏదైనను ఆనాడే వైద్యునికి చూపవలెను.

ఈ క్రిందివి ప్రాణాపాయ సూచనలు: డొక్కలు ఎగురవేయుట, మెడక్రింది గుంట లోనికి పోవుట, పెదవులు నీలివన్నె తిరుగుట, పాలు త్రాగలేకపోవుట, మాట పూర్తి చేయలేకపోవుట, మగతగా పడియుండుట. అంతవరకు వినబడిన పిల్లికూతలు ఆగిపోయి బిడ్డ మరింత అలసినచో తగ్గినదని సంతోషింపరాదు. గాలి ఆడుట తగ్గినదని అర్థము. ఆ రాత్రియే 108కి ఫోను చేసియో, దొరికిన బండి ఎక్కియో ఆసుపత్రికి చేరవలెను. తెల్లవారనిమ్మని వేచియుండరాదు.

మందులను గూర్చిన అపోహలు

పీల్చుమందు వాడినచో అలవాటు పడిపోవుదురని మనలో గట్టి నమ్మకము. ఇది నిజము కాదు. పీల్చిన మందు నేరుగా గొట్టములకు చేరును గనుక మాత్ర కంటె, సిరపు కంటె చాల తక్కువ మోతాదు సరిపోవును. పసివారికి మందు డబ్బాకు స్పేసరు అను పొడవాటి గొట్టమును, ముఖమునకు తొడుగును అమర్చి ఇచ్చెదరు. ఇరుకును అప్పటికప్పుడు సడలించు మందు ఒకటి. వాపు రాకుండ ప్రతిదినము వాడవలసిన మందు వేరొకటి. రెండవదానిని బిడ్డ బాగుగా ఉన్నాడని స్వంతముగా మానివేయుటచే జబ్బు తిరుగబెట్టును. దానిని పీల్చిన పిదప బిడ్డ నోరు కడుగవలెను.

మృగశిర కార్తెనాడు హైదరాబాదులో ఇచ్చు చేపమందునకు మనవారు పెక్కుమంది పోవుచుందురు. ఎవరి నమ్మకము వారిది. కాని దానిని నమ్ముకొని వైద్యుడిచ్చిన మందు ఆపరాదు. పసిబిడ్డచేత బ్రతికిన చేపను మ్రింగించుట గొంతున అడ్డుపడు ప్రమాదముతో కూడిన పని.

ఆడపిల్లకు ఉబ్బసమని తెలిసినచో రేపు సంబంధము రాదని దాచువారును గలరు. మందు సరిగా వాడిన పిల్ల ఆడును, చదువును, పని చేయును. దాచిన జబ్బు మాత్రము ఒక రాత్రి అందరియెదుట బయటపడును. అప్పుడు చేతిలో మందు ఉండదు.

ఇంట చేయదగిన పనులు

మగ్గము ఆపమని ఎవరును చెప్పరు. కూడు పెట్టునది అదియే. చేయగలిగినవి చేయుదము. కండెలు చుట్టుట, పడుగు తోడుట ఉయ్యాలకు దూరముగా జరుపవలెను. మగ్గము క్రింద నూగును పొడి చీపురుతో లేపక తడిగుడ్డతో తుడువవలెను. రంగుల పొడి, బ్లీచింగు పొడి బిడ్డ ఉన్న గదిలో విప్పరాదు. బీడీలు చుట్టు ఇండ్లలో పొగాకు చాటను బిడ్డ పండుకొనుచోట ఉంచరాదు. ఇంటిలోపల బీడీ, సిగరెట్టు కాల్చుట పూర్తిగా మానవలెను. దోమలచుట్ట, అగరుబత్తి పొగలు కూడ కొందరు పిల్లలకు పడవు. ఇవన్నియు చేసినను జబ్బు పూర్తిగా పోవునని కాదు. రాత్రులు కొన్నియైనను నెమ్మదిగా గడచును.

అయిదేండ్లలోపు బిడ్డ యున్న ప్రతి సభ్యుడును ఈ పుటను ఇంటి ఆడవారికి చదివి వినిపించవలెనని కోరుచున్నాము. రాత్రి దగ్గు మొదట వారి చెవినే పడును. వారు చెప్పినపుడు "దుమ్ము దగ్గులే" అనక వినుడు.