చలికి ముందు కాస్త వేడి



కమలాపండ్ల కాలం వచ్చిందంటే, డజను కొనే చోట రెండు డజన్లు కొంటాం. బండివాడు సంత్రా అన్నా, మనం కమలా అన్నా పండు ఒకటే. చవగ్గా ఉన్నప్పుడు కొని ఫ్రిజ్‌లో పడేస్తే నెల్లాళ్ళు తినొచ్చు కదా అనుకుంటాం. తీరా కొన్నాళ్ళకు చూస్తే తొక్క మీద చిన్న చిన్న గుంటలు, గోధుమరంగు మచ్చలు! పండు మంచిది కాదని అమ్మినవాణ్ణి తిట్టుకుంటాం. చాలాసార్లు అది చలిదెబ్బేనండీ.

కమలా వెచ్చని ప్రాంతపు పండు. మరీ చల్లగా ఉంచితే దాని తొక్కలోని కణాలు దెబ్బతింటాయి. అలా దెబ్బతిన్న చోటే బూజు పడుతుంది. అందుకే నాగపూరు కమలాలను శీతల గిడ్డంగిలో 6, 7 డిగ్రీల దగ్గర ఉంచుతారు. అలా ఉంచితే సుమారు నెలన్నర నిలవ ఉంటాయి.

కాని పరదేశాలకు పంపే పండ్లకు ఇంకో చిక్కుంది. వాటిలో పండు ఈగ గుడ్లుగాని, పురుగులుగాని ఉంటే చావాలని 1, 2 డిగ్రీల చలిలో రెండు వారాల పాటు ఉంచమంటారు. ఈగ చస్తుంది సరే, పండు మాటేమిటి? స్పెయిన్‌లో ‘ఫార్చ్యూన్’ అనే కమలా రకం మీద శాస్త్రజ్ఞులు పరిశోధన చేశారు. చలిలో పెట్టబోయే ముందు ఆ పండ్లను 37 డిగ్రీల వేడిలో, తేమగా ఉండే గదిలో మూడు రోజులు ఉంచారు. దానితో చలిదెబ్బ బాగా తగ్గింది!

పాలయితే కాచి దాచుకుంటాం. పండును కాచలేం కదా! అది కోసిన తరవాత కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ఆ కాస్త వేడి తగిలేసరికి తనను తాను కాపాడుకునే పదార్థాలను తయారు చేసుకుంటుంది. తొక్క మీది చిన్న గాయాలు గట్టిపడతాయి.

మూడు రోజులు ఆగలేనివారికి వేడినీళ్ళ పద్ధతి ఉంది. 50 డిగ్రీలు దాటిన నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ముంచి తీస్తారు. బూజు బీజాలు చాలావరకు పోతాయి. తొక్క మీది సహజమైన మైనం కరిగి, సన్నని పగుళ్ళు పూడుకుంటాయి. ఇలా చేస్తే బూజు మందుల వాడకం తగ్గించవచ్చు. తొక్కలు ఎండబెట్టి నలుగుపిండిలో కలిపే మనకు ఇది చిన్న విషయం కాదు.

అయితే ఇదంతా ఇంట్లో చెయ్యబోకండి. నాలుగు డిగ్రీలు ఎక్కువైతే తొక్క కమిలిపోతుంది, రుచి చెడుతుంది. మనం చెయ్యగలిగినవి వేరే ఉన్నాయి. తొక్కకు గాయం లేని పండ్లు ఏరుకోండి. కడిగి తడిగా దాచకండి, తినేముందే కడగండి. ఫ్రిజ్‌లో బాగా చల్లగా ఉండే చోట కాకుండా, కింద కూరల అరలో పెట్టి, రెండు వారాల లోపల తినెయ్యండి. రెండు రోజులకోసారి తిరగేసి చూడండి. ఆకుపచ్చ బూజు పట్టిన పండు ఒక్కటి కనిపించినా వెంటనే తీసెయ్యండి. దాని పొడి రాలితే పక్క పండ్లకూ అంటుకుంటుంది. ఇక నలుగుకు తొక్కలు ఎండబెట్టాలంటే, ఒలవక ముందే పండును ధారగా పడే నీటి కింద బాగా రుద్ది కడగడం మరచిపోకండేం!