ఎవరి తాళం ఎవరి చేతిలో

2023 నవంబరు 17, శుక్రవారం. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ తన సీఈవో శామ్ ఆల్ట్‌మన్‌ను తొలగించినట్టు ప్రకటించింది. ఆ సంస్థలో అప్పటికే వందల కోట్ల డాలర్లు పెట్టిన మైక్రోసాఫ్ట్‌కు ఈ కబురు కొద్ది నిమిషాల ముందే తెలిసింది. ఓపెన్‌ఏఐ బోర్డులో మైక్రోసాఫ్ట్‌కు కుర్చీ లేదు, ఓటు లేదు. బింగ్‌లో, వర్డ్‌లో, ఎక్సెల్‌లో, ప్రోగ్రామర్లు వాడే గిట్‌హబ్ కోపైలట్‌లో పనిచేస్తున్న తెలివి మాత్రం ఓపెన్‌ఏఐదే.

ఆదివారం అర్ధరాత్రికి మైక్రోసాఫ్ట్ సీఈవో సత్య నాదెళ్ల ఓ నిర్ణయం బయటపెట్టారు. ఆల్ట్‌మన్‌నూ, ఆయనతో పాటు బయటికొచ్చిన ఓపెన్‌ఏఐ సహ వ్యవస్థాపకుడు గ్రెగ్ బ్రాక్‌మన్‌నూ తామే తీసుకుంటున్నామన్నారు. ఓపెన్‌ఏఐ సిబ్బందిలో 700 మందికి పైగా అవసరమైతే తామూ అటే వెళ్తామని సంతకాలు పెట్టారు. ఐదు రోజులు తిరిగేసరికి ఆల్ట్‌మన్ మళ్లీ పాత కుర్చీలో ఉన్నారు.

బయటివాళ్ల మేధ మీద నిలబడ్డ కంపెనీ ఎంత సన్నని వంతెన మీద నడుస్తోందో ఆ వారాంతంలో లోకమంతా చూసింది. మైక్రోసాఫ్ట్ పడిపోలేదు. ఎందుకంటే ఓపెన్‌ఏఐ తయారుచేసిన ఏఐ నమూనాలు నడిచే కంప్యూటర్లు మైక్రోసాఫ్ట్‌వి, వాటిని వాడుకునే హక్కు ఒప్పందంలో రాసి ఉంది, మనుషులు వస్తామంటే తీసుకునే స్తోమత ఉంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ సోమవారం వేరేలా ఉండేది.

ఈ పాఠం మైక్రోసాఫ్ట్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. ఏడాదిలో పని ముగించాలన్న తొందరలో చిప్‌ను ఇంటెల్ నుంచి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను అప్పటికి చిన్న కంపెనీ అయిన మైక్రోసాఫ్ట్ నుంచి తీసుకుంది. మైక్రోసాఫ్ట్ కూడా దాన్ని సొంతంగా రాయలేదు. సియాటిల్ కంప్యూటర్ ప్రోడక్ట్స్ అనే సంస్థ దగ్గర కొనుక్కుంది. కానీ ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇతర తయారీదారులకూ అమ్ముకునే హక్కును బిల్ గేట్స్ బృందం ఐబీఎంకు వదల్లేదు. కాంపాక్ లాంటి కంపెనీలు ఐబీఎం యంత్రానికి దీటైన యంత్రాలు చేసి అమ్మాయి. అన్నిట్లోనూ మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేరే. చివరికి 2005లో ఐబీఎం తన పీసీ వ్యాపారాన్ని లెనోవోకు అమ్మేసింది.

నాటి ఒప్పందంలోని రెండు కంపెనీల పగ్గాలూ తర్వాతి కాలంలో తెలుగువాళ్ల చేతికొచ్చాయి. హైదరాబాద్‌లో పుట్టిన నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సీఈవో అయ్యారు. తెలుగు కుటుంబంలో పుట్టిన అరవింద్ కృష్ణ 2020 ఏప్రిల్‌లో ఐబీఎం సీఈవో అయ్యారు. ఇద్దరూ ఎంచుకున్న దారులు వేరు. 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు సాఫ్ట్‌వేర్ కంపెనీ రెడ్‌హ్యాట్‌ను కొనడం వెనుక కృష్ణ ఆలోచన ఉంది. ఖాతాదారు ఏ ఒక్క క్లౌడ్‌కూ, అంటే అద్దె కంప్యూటర్ల సేవకూ, కట్టుబడకుండా, తన పనిని అవసరమైతే ఇంకోచోటికి మార్చుకోగలగాలన్నది ఆ కొనుగోలు సారం.

నాదెళ్ల భాగస్వామిని వెతుక్కున్నారు. దాని వెనుక ఒక ఈమెయిల్ ఉంది. 2019 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ముఖ్య సాంకేతికాధికారి కెవిన్ స్కాట్ నాదెళ్లకూ, గేట్స్‌కూ రాసింది అది. గూగుల్ మీద అమెరికా ప్రభుత్వం వేసిన గుత్తాధిపత్య కేసు పుణ్యాన 2024లో బయటపడింది. పోటీదారుల కంటే తాము ఏళ్ల తరబడి వెనకబడ్డామని, గూగుల్ చేసిన బెర్ట్ లాంటి భాషా నమూనాను తయారుచేయడానికి తమకు ఆరు నెలలు పట్టిందని, కారణం తమ యంత్ర వ్యవస్థ ఆ పనికి చాలకపోవడమేనని స్కాట్ అందులో దాచకుండా ఒప్పుకున్నారు. అంత పెద్ద కంపెనీలో పైవాళ్లకు ఆ మాట రాయడానికి ధైర్యం కావాలి. మరుసటి నెలలోనే మైక్రోసాఫ్ట్ ఓపెన్‌ఏఐలో 100 కోట్ల డాలర్లు పెట్టింది.

అది సరైన నిర్ణయమే. సొంతంగా చేసుకుంటూ కూర్చుంటే ఆ కాలం తిరిగి వచ్చేది కాదు. కానీ ఆధారపడటం ఒకవైపే ఆగలేదు. ఓపెన్‌ఏఐకి కావాల్సినన్ని కంప్యూటర్లు మైక్రోసాఫ్ట్ ఒక్కటే సమకూర్చలేకపోయింది. అందుకే మైక్రోసాఫ్ట్ కూడా బయట అద్దెకు తీసుకోవడం మొదలుపెట్టింది. ఒకప్పుడు క్రిప్టో నాణేల తవ్వకంతో మొదలైన కోర్‌వీవ్‌కు 2024లో వచ్చిన ఆదాయంలో 62 శాతం ఒక్క మైక్రోసాఫ్ట్ నుంచే వచ్చింది. ఆ కోర్‌వీవ్‌లో చిప్‌ల కంపెనీ ఎన్విడియాకు వాటా ఉంది. కోర్‌వీవ్ అద్దెకిచ్చేవి ఎన్విడియా చిప్‌లే. ఖాతాదారు, పెట్టుబడిదారు, సరఫరాదారు ఇలా ఒకరి చేయి ఒకరు పట్టుకుని వలయంగా నిలబడినప్పుడు అందులో ఒకరు తూలితే ఏమవుతుందన్నది మదుపరులు మాత్రమే పట్టించుకోవాల్సిన ప్రశ్న కాదు.

2025 జనవరిలో వైట్‌హౌస్‌లో, ఏఐ కోసం డేటా సెంటర్లు కట్టే స్టార్‌గేట్ పథకం ప్రకటన వెలువడింది. ఓపెన్‌ఏఐ, సాఫ్ట్‌బ్యాంక్, ఒరాకిల్ కలిసి 50,000 కోట్ల డాలర్ల వరకు పెడతామన్నాయి. అక్టోబరు 28న మైక్రోసాఫ్ట్, ఓపెన్‌ఏఐ బంధాన్ని తిరగరాసుకున్నాయి. మైక్రోసాఫ్ట్‌కు ఓపెన్‌ఏఐలో సుమారు 27 శాతం వాటా, దాని అజూర్ క్లౌడ్‌కు 25,000 కోట్ల డాలర్ల పని దక్కాయి. బదులుగా కంప్యూటర్ల విషయంలో ముందు తననే అడగాలన్న హక్కును మైక్రోసాఫ్ట్ వదులుకుంది. వారం తిరక్కుండానే ఓపెన్‌ఏఐ అమెజాన్‌తో 3,800 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. మైక్రోసాఫ్ట్ అప్పటికే తన ఏఐ సహాయకం కోపైలట్‌లో ఓపెన్‌ఏఐకి పోటీదారైన ఆంత్రోపిక్ నమూనాలకు చోటిచ్చింది.

సొంతంగా చేసుకోవడానికే పేరుపడ్డ యాపిల్ సైతం 2026 జనవరిలో గూగుల్ ఏఐ నమూనా జెమిని మీద తన నమూనాలు నిర్మిస్తానని చెప్పింది.

ఈ అల్లిక మామూలు మనుషులకు తగిలేది ఏదైనా తెగినప్పుడే. వర్జీనియా ఉత్తర భాగంలో, మన తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన ఆష్‌బర్న్ చుట్టుపక్కల, డేటా సెంటర్లు వీధుల తరబడి ఉంటాయి. 2025 అక్టోబరు 20న అమెజాన్ వర్జీనియా క్లౌడ్‌లో ఓ డేటాబేస్ చిరునామాల వ్యవస్థ చెడింది. స్నాప్‌చాట్, రోబ్లాక్స్, డబ్బు పంపుకునే వెన్మో ఆగిపోయాయి. ఇళ్లలో అలెక్సా పలకలేదు. తొమ్మిది రోజులకే మైక్రోసాఫ్ట్ అజూర్‌లో పొరపాటున జరిగిన ఒక మార్పు అలాస్కా ఎయిర్‌లైన్స్ వెబ్‌సైట్‌ను కూడా పడగొట్టింది. చూడ్డానికి వందల కంపెనీలు, కింద ఆసరా మాత్రం రెండు మూడే.

బయటపడలేమా అంటే, పడినవాళ్లున్నారు. డ్రాప్‌బాక్స్ తన ఫైళ్లలో అత్యధిక భాగాన్ని అమెజాన్ నుంచి సొంత యంత్రాలకు మార్చుకుని రెండేళ్లలో దాదాపు 7.5 కోట్ల డాలర్లు మిగుల్చుకుంది. నెట్‌ఫ్లిక్స్ మాత్రం 2008లో తన డేటాబేస్ పాడయ్యాక సొంత యంత్రాలు వదిలి అమెజాన్‌కు మారింది; ఆ పని 2016 జనవరికి గానీ పూర్తికాలేదు. వెళ్లడానికే ఏడేళ్లు పడితే తిరిగి రావడానికి ఎన్నేళ్లు? కౌలు పొలంలో బోరు వేసిన రైతు పొలం వదిలినా బోరును వెంట తీసుకెళ్లలేడు. క్లౌడ్ యజమాని ప్రత్యేక సేవల మీద అల్లుకున్న సాఫ్ట్‌వేర్‌దీ అదే స్థితి.

ఐరోపా దీన్ని చట్టంతో ఎదుర్కొంటోంది. అక్కడి డేటా చట్టం ప్రకారం 2027 జనవరి 12 నుంచి ఖాతాదారు వేరే క్లౌడ్‌కు మారుతుంటే రుసుము వసూలు చేయకూడదు. ఆ ఒత్తిడితో 2024లోనే గూగుల్, అమెజాన్ వెళ్లిపోయే ఖాతాదారుల నుంచి డేటా తరలింపు రుసుము తీసుకోవడం మానేశాయి.

ఈ క్లౌడ్ వ్యవహారం మన గడపకూ వచ్చింది. 2025 అక్టోబరు 14న గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో విశాఖపట్నంలో ఏఐ కేంద్రం పెడతామని ప్రకటించింది. అక్కడ దానికీ భాగస్వాములున్నారు, అదానీ కనెక్స్, ఎయిర్‌టెల్. ఆ క్లౌడ్‌లో రేపు చోటు తీసుకోబోయే మన కంపెనీలూ, ప్రభుత్వ శాఖలూ సంతకానికి ముందే రెండు షరతులు రాయించుకోవాలి. డేటాను ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు? తరలింపు ఖర్చు ఎవరిది?