పెట్టె మనదే... తలుపు తాళం వాళ్లది!

సినిమాకి టికెట్టు కొన్నారు. హాల్లో కూర్చున్నారు. ఇంతలో గేటు దగ్గరి మనిషి వచ్చి, "పక్క సీట్లో మీ స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకుని చూడాలంటే నెలనెలా ఇంకొంత కట్టాలండీ" అన్నాడనుకోండి. మీరేం చేస్తారు? మా పాతపట్నంలో అయితే ఈలలతో, కేకలతో హాలు దద్దరిల్లిపోతుంది. కానీ వీడియో గేముల లోకంలో జరుగుతున్నది అచ్చంగా ఇదే. అక్కడ మాత్రం అందరూ బుద్ధిగా కట్టేస్తున్నారు!

మా ఊరు తెలియనివాళ్లకి ఒక్క మాట. శ్రీకాకుళం జిల్లాలో, ఒడిశా అంచున, మహేంద్రతనయ ఒడ్డున ఉంటుంది పాతపట్నం. నది దాటితే పర్లాకిమిడి. రాష్ట్రాలు రెండైనా బజారు ఒకటే, చుట్టరికాలు ఒకటే. మా మేనల్లుడు ఇక్కడ, వాడి ప్రాణస్నేహితుడు అక్కడ. ఇద్దరి ఇళ్లలోనూ గేమ్ కన్సోళ్లున్నాయి. ఇద్దరూ ఒకే ఫుట్‌బాల్ ఆట కొన్నారు. రాత్రి అన్నాలు తిన్నాక ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఒకరితో ఒకరు ఆడుదామనుకున్నారు. తెర మీద చందా కట్టమని చీటీ పడింది. ఒకరికి కాదు, ఇద్దరికీ!

"ఏటి మావయ్యా! మిషను కొన్నాం, ఆట కొన్నాం, నెట్టుకి కడతన్నాం. మళ్లీ ఏటికి కట్టాల?" అన్నాడు మావాడు.

ప్రశ్న న్యాయమైనదే. అందుకే కాస్త కూపీ లాగాను.

ఈ కథకి నాంది పలికింది మైక్రోసాఫ్ట్. 2002 నవంబరు 15న అమెరికాలో "ఎక్స్‌బాక్స్ లైవ్" మొదలుపెట్టింది. చెవికి తగిలించుకునే మైకుతో కలిపి ఏడాదికి 49.99 డాలర్లు. దేశం ఆ చివరా ఈ చివరా ఉన్నవాళ్లు మాట్లాడుకుంటూ ఆడటం ఆ రోజుల్లో గొప్ప వింతే మరి! పోటీదారు సోనీ మాత్రం 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3లో ఈ వసతి ఉచితంగానే ఇచ్చింది. ఆ ముచ్చట ఏడేళ్లే. 2013 నవంబరులో ప్లేస్టేషన్ 4 వచ్చింది, దాంతోపాటు చందా వచ్చింది. ఇక మిగిలింది నింటెండో. 2017 మార్చిలో స్విచ్ విడుదల చేసి, ఏడాదిన్నర ఊరుకుని, 2018 సెప్టెంబరులో తనూ గేటు పెట్టేసింది. ఏడాదికి 19.99 డాలర్లు. ముగ్గురూ ఒక దారికే వచ్చారన్నమాట!

"సర్వర్లు నడపొద్దా? ఖర్చవదా?" అంటారు కంపెనీల పక్షం వాళ్లు. అవుతుంది, కాదనను. స్నేహితుల జాబితా, మాటలు, జోడీ కుదర్చడం, దొంగాటగాళ్లని పట్టడం, అన్నీ పనులే. కానీ కంప్యూటర్‌లో స్టీమ్ ద్వారా ఆడేవాడు కలిసి ఆడటానికంటూ స్టీమ్‌కి చందా కట్టడు. పైగా చాలా ఆటలకి సర్వర్లు నడిపేది ఆ ఆట తయారుచేసినవాళ్లే. కొన్ని ఆటల్లో అయితే సర్వరు పని కూడా ఆడేవాడి పెట్టే చేస్తుంది!

నమ్మరా? ఇదిగో, సినిమా తీయదగ్గ సంఘటన. 2010 ఏప్రిల్ 15న పాత ఎక్స్‌బాక్స్‌కి లైవ్ సర్వీసు ఆపేశారు. "హాలో 2" ఆడుతున్న కొద్దిమంది అభిమానులు మాత్రం పెట్టెలు ఆర్పలేదు. ఆ ఆట నడిచేది ఆడేవాళ్ల పెట్టెల మీదే. అందుకని కంపెనీ తలుపు మూసినా లోపలున్నవాళ్ల ఆట సాగుతూనే ఉంది. ఆర్పారో, మళ్లీ లోపలికి దారి లేదు. రోజులు గడిచాయి. ఒక్కొక్కరూ రాలిపోయారు. ఆఖరివాడి ఆట మే 11న ఆగింది. అంటే మనం డబ్బు కడుతున్నది చాలావరకు దేనికండీ? తలుపు తీసినందుకు!

ఒక్కసారి మాత్రం ఈలలు గట్టిగానే పడ్డాయి. 2021 జనవరి 22న మైక్రోసాఫ్ట్ ఆరు నెలల చందా 60 డాలర్లు చేస్తున్నామంది. ఆటగాళ్లు భగ్గుమన్నారు. అదే రోజు కంపెనీ వెనక్కి తగ్గింది. పైగా ఉచితంగా దొరికే ఆటలకి చందా అక్కర్లేదని, ఆ ఏప్రిల్ నుంచి అమలు చేసింది. అడిగితే వింటారన్నమాట!

ఇక ఇంట్లో గొడవ. "ఆన్‌లైన్ ఆట, డబ్బులు" అనగానే అమ్మానాన్నలకి రమ్మీ గుర్తొస్తుంది. వాళ్ల భయానికి కారణం ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం తెచ్చింది. అయితే ఆ చట్టమే పందెం కాని చందాని వేరుగా చూస్తుంది. ఈ తేడా ఇంట్లో నెమ్మదిగా చెప్పండి. నాన్న కార్డు చాటుగా తీశారో, చట్టం కన్నా ముందు నాన్నే చెయ్యి చేసుకుంటాడు!

కట్టేముందు నాలుగు సంగతులు. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత ఆటలకి చందా అక్కర్లేదు. ప్లేస్టేషన్‌లో ఒకరు చందా కట్టి ఆ పెట్టెని తమ ముఖ్యమైనదిగా నమోదు చేసుకుంటే, ఇంట్లో అన్నదమ్ములంతా దాని మీద ఆడొచ్చు. చందాతో నెలనెలా ఇచ్చే ఆటలు మీ సొంతం కావు, చందా ఆగితే అవీ ఆగుతాయి. 2022లో మనదేశంలో ప్లేస్టేషన్ ప్లస్ తొలి తరగతి నెలకి 499 రూపాయలు, ఏడాదికి 2,999. నెలవారీగా కడితే ఏడాదికి 5,988 అయ్యేది. సగానికి సగం తేడా! ధరలు మారుతుంటాయి కాబట్టి కట్టే రోజున లెక్క వేసుకోండి. వాటంతట అవే డబ్బులు కోసుకునే ఏర్పాటుంటే, 24 గంటల ముందు బ్యాంకు నుంచి కబురు రావాలని రిజర్వు బ్యాంకు నియమం. ఆ మెసేజిని చదవకుండా చెరిపేయకండి.

ఇంతకీ మా మేనల్లుడేం చేశాడంటారా? చందా కట్టలేదు. ఆదివారం కంట్రోలరు సంచీలో వేసుకుని, సైకిలెక్కి, వంతెన దాటి పర్లాకిమిడి వెళ్లాడు. ఒకే పెట్టెకి రెండు కంట్రోలర్లు, ఒకే తెర, పక్కపక్కనే ఇద్దరు. దానికి ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. మూడాటలు ఓడిపోయి, స్నేహితుడి అమ్మగారు పెట్టిన పకోడీలు తిని వచ్చాడు.

స్నేహితుడు విశాఖలోనో, హైదరాబాదులోనో చదువుకుంటుంటే వంతెన చాలదు, నిజమే. అప్పుడు కట్టండి, తప్పేం లేదు. కానీ దేనికి కడుతున్నారో తెలిసి కట్టండి. వచ్చే ఏడాదికి ఆ స్నేహితుడు మావాడికీ దూరమే. విశాఖలో ఇంజనీరింగు సీటొచ్చింది. "అప్పుడేం చేస్తావురా?" అనడిగాను.

"సెలవులకి వస్తాడు కదేటి మావయ్యా" అన్నాడు, కంట్రోలరు తుడుచుకుంటూ.