అంతరిక్షానికి తొలిసారి వెళ్తూనే కమాండర్.. రాజాచారికి ఆ సీటు ఎలా దక్కింది?

ఒక్కసారి కూడా రోదసిలోకి వెళ్లని మనిషికి వ్యోమనౌక కమాండర్ బాధ్యత ఇస్తారా? మామూలుగా అయితే ఇవ్వరు. కానీ 2021 నవంబర్‌లో నాసా అదే చేసింది. స్పేస్‌ఎక్స్ క్రూ-3 మిషన్‌కు కమాండర్‌గా వెళ్లిన రాజాచారికి అదే తొలి ప్రయాణం. 1973 నాటి స్కైల్యాబ్-4 తర్వాత నాసాలో ఇలా జరగడం మళ్లీ అప్పుడే. పైగా పైలట్ సీట్లో ఉన్న టామ్ మార్ష్‌బర్న్ అప్పటికే రెండుసార్లు వెళ్లొచ్చిన సీనియర్. ఆయన ఉండగా కొత్తవాడికి పగ్గాలెందుకు? సమాధానం రాజాచారి చదువులో ఉంది. అంతకంటే ఎక్కువగా ఆయన చేసిన ఉద్యోగంలో ఉంది.

రాజాచారి తాతగారిది మహబూబ్‌నగర్. హైదరాబాద్ వచ్చి ఉస్మానియా యూనివర్సిటీలో లెక్కలు చెప్పారు. తండ్రి ఇంజినీరింగ్ చదువు కోసం అమెరికా వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. 1977లో మిల్వాకీలో పుట్టిన రాజాచారి పెరిగింది అయోవా రాష్ట్రంలోని సీడర్ ఫాల్స్‌లో. మన మీడియా 'మనోడు' అని రాసుకున్నా, చదువు, కొలువు అంతా అమెరికాలోనే.

1999లో యూఎస్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ఆస్ట్రోనాటికల్ ఇంజినీరింగ్ డిగ్రీ, 2001లో ఎంఐటీలో మాస్టర్స్. ఆ తర్వాత ఎఫ్-15ఈ యుద్ధవిమానంతో ఇరాక్ యుద్ధంలో పాల్గొన్నారు. అసలు మలుపు మాత్రం నేవీ టెస్ట్ పైలట్ స్కూల్. టెస్ట్ పైలట్ అంటే గాల్లో విన్యాసాలు చేసేవాడు అనుకుంటారు చాలామంది. అది కాదు. కొత్త విమానం ఎక్కడ మొరాయిస్తుందో తెలుసుకోవడానికి దాన్ని కావాలనే హద్దుల దాకా తీసుకెళ్లడం, దిగాక ఏం జరిగిందో ఇంజినీర్లకు పూస గుచ్చినట్టు చెప్పడం ఆ ఉద్యోగం. నాసాకు ఎంపికయ్యే నాటికి ఆయన ఎడ్వర్డ్స్ ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో ఎఫ్-35 పరీక్షల బృందానికి డైరెక్టర్. 2017లో 18 వేలకు పైగా దరఖాస్తులు వస్తే నాసా తీసుకున్నది 12 మందినే. అందులో ఆయనొకరు.

స్పేస్‌ఎక్స్ డ్రాగన్ దాదాపు తనంతట తానే ఎగురుతుంది, స్పేస్ స్టేషన్‌కు తనే అతుక్కుంటుంది. మరి కమాండర్ ఎందుకంటారా? అంతా సవ్యంగా సాగినంతసేపు తెరలు చూస్తూ కూర్చోవాలి. ఏదైనా తేడా కొడితే మాత్రం క్షణాల్లో నిర్ణయం తీసుకోవాలి. టెస్ట్ పైలట్‌కు ఇది అలవాటైన పనే.

ఆ అవసరం ఎంతోకాలం ఆగలేదు కూడా. స్టేషన్ చేరిన నాలుగు రోజులకే, నవంబర్ 15న, రష్యా తన పాత ఉపగ్రహం కాస్మోస్-1408ను క్షిపణితో పేల్చేసింది. ట్రాక్ చేయగలిగే శకలాలే 1500కు పైగా అని అమెరికా ప్రకటించింది. గంటన్నరకోసారి స్టేషన్ ఆ శకలాల సమీపంలోంచి వెళ్లాల్సిన పరిస్థితి. దీంతో ముందుజాగ్రత్తగా ఏడుగురూ వ్యోమనౌకల్లోకి వెళ్లి తలదాచుకున్నారు. ముగ్గురు సోయుజ్‌లో, క్రూ-3 నలుగురు డ్రాగన్‌లో. అవసరమైతే అట్నుంచటే భూమికి వచ్చేయాలి. అదృష్టవశాత్తూ స్టేషన్‌కు దెబ్బ తగల్లేదు.

ఇక్కడో చిన్న విషయం. వ్యోమనౌక కమాండర్ వేరు, స్టేషన్ కమాండర్ వేరు. స్టేషన్‌లో మొదట రష్యాకు చెందిన ష్కాప్లెరోవ్, 2022 మార్చి చివర్లో మార్ష్‌బర్న్ ఆ బాధ్యత తీసుకున్నారు. అంటే డ్రాగన్‌లో రాజాచారి కింద పనిచేసిన సీనియర్, స్టేషన్‌లో ఆయనకే బాస్ అన్నమాట.

అదే మార్చిలో రాజాచారి రెండు స్పేస్‌వాక్‌లు చేశారు. ఒక్కోటి దాదాపు ఏడు గంటలు. రెండోసారి తోడుగా వచ్చిన మథియాస్ మౌరర్ హెల్మెట్‌లోకి నీరు చేరినట్టు పని ముగిశాక తేలింది. దాంతో నాసా కొన్ని నెలలు మామూలు స్పేస్‌వాక్‌లు ఆపేసింది. మే 6న నలుగురూ క్షేమంగా సముద్రంలో దిగారు.

2023 జనవరిలో రాజాచారిని ఎయిర్‌ఫోర్స్ బ్రిగేడియర్ జనరల్ హోదాకు అప్పటి అధ్యక్షుడు బైడెన్ నామినేట్ చేశారు. చంద్రుడి సంగతే మిగిలింది. 2020 డిసెంబర్‌లో ప్రకటించిన 18 మంది ఆర్టెమిస్ టీమ్‌లో ఆయన ఉన్నారు. కానీ 2023 ఏప్రిల్‌లో ఆర్టెమిస్-2కు ఎంపిక చేసిన నలుగురిలో ఆయన పేరు లేదు.