రెండు గాడుల మధ్య దొరికిన నాదం

ఫెండర్ స్ట్రాటోక్యాస్టర్ గిటార్ 1954లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో పుట్టింది. తీగల కింద వాటి కదలికను పట్టుకునే మూడు పికప్‌లు, వాటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి మూడు స్థానాల స్విచ్చి. మెడ దగ్గరి పికప్ నిండుగా, బ్రిడ్జి దగ్గరిది పదునుగా పలుకుతాయి. నడిమిది రెంటికీ మధ్యస్థం. ఒకసారికి ఒకటే పలకాలన్నది కంపెనీ ఉద్దేశం. దాని రూపకర్త లియో ఫెండర్ రేడియోలు బాగుచేస్తూ పైకొచ్చిన మనిషి. గిటార్ వాయించడం ఆయనకు రాదు. అందుకే బిల్ కార్సన్ లాంటి వాద్యకారులను అడిగి, వాళ్ల చేతికి ఏది ఇబ్బందో తెలుసుకునేవాడు. అంత శ్రద్ధగా చేసిన వాద్యంలో కూడా ఆయన లెక్కలోకి రాని రెండు ధ్వనులు దాగి ఉన్నాయి. వాటిని బయటికి తీసింది దాన్ని కొనుక్కున్నవాళ్లు.

ఆ స్విచ్చిలో కదిలే రేకు ఒక కాంటాక్టును పూర్తిగా వదలకముందే పక్కదాన్ని తాకుతుంది. కాబట్టి మీటను రెండు గాడుల నడుమ నిలబెడితే పక్కపక్కనున్న రెండు పికప్‌లూ ఒకేసారి మోగుతాయి. ఆ ధ్వని విడిగా ఏ పికప్‌లోనూ లేదు. కాస్త బోలుగా, తేటగా, అంచుల్లో చిరుగంట తీరుగా ఉంటుంది. అయితే స్ప్రింగు మీటను అక్కడ ఉండనివ్వదు. చెయ్యి తగిలితే చాలు, గాడిలోకి జారిపోతుంది. కొందరు సందులో అగ్గిపుల్ల ఇరికించి వాయించారు. కొందరు స్విచ్చి విప్పి గాడులను ఆకురాయితో అరగదీశారు. ఎలక్ట్రిక్ గిటార్ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇది. చెవికి నచ్చినదాన్ని అందుకోవడానికి వాళ్లు ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు.

ఆ ధ్వని ఎలా పుడుతుందో తెలియాలంటే పికప్ లోపలికి చూడాలి. అందులో ఆరు చిన్న అయస్కాంత కడ్డీలు, వాటి చుట్టూ తలవెంట్రుకంత సన్నటి రాగి తీగ సుమారు 8,000 చుట్లు. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే చూపించిన సూత్రమే ఇది. మీటిన తీగ ఒక్క తీరుగా ఊగదు. మొత్తంగా, సగాలుగా, మూడో వంతులుగా, ఇంకా చిన్న భాగాలుగా ఏకకాలంలో ఊగుతూ ఎన్నో అనుస్వరాలను పుట్టిస్తుంది. పికప్ మాత్రం తన తలమీదున్న చోట కదలికనే పట్టుకుంటుంది. రెండు చోట్ల పట్టిన సంకేతాలను కలిపితే కొన్ని అనుస్వరాలు బలపడతాయి, కొన్ని ఎదురెదురై రద్దవుతాయి. ఆ రద్దయిన చోటే మనకు బోలుతనంగా వినిపిస్తుంది.

స్ట్రాటోక్యాస్టర్‌ను, వాడుకలో స్ట్రాట్‌ను, విప్పి మార్చుకోవడం సులువు. అందులో పికప్‌లు, స్విచ్చి, మూడు నాబ్‌లు, ఒక కెపాసిటర్ దాదాపు మొత్తంగా ఒకే ప్లాస్టిక్ పలకకు వేలాడుతూ ఉంటాయి. తీగలు వదులు చేసి స్క్రూలు తీస్తే సర్క్యూట్ అంతా చేతిలోకి వస్తుంది. బ్యాటరీ లేదు, షాక్ కొట్టే భయం లేదు. సోల్డరింగ్ ఐరన్ పట్టడం వచ్చిన ఎవరికైనా అది తెరిచిన పుస్తకమే.

పాత స్ట్రాట్‌లో రెండు టోన్ నాబ్‌లూ మెడ, నడిమి పికప్‌లకే పనిచేస్తాయి. అసలు చెవిలో గుచ్చుకునేది బ్రిడ్జి పికప్. దానికి టోన్ అదుపే లేదు. స్విచ్చి మీద రెండు కొనలను కలుపుతూ చిన్న వైరు ముక్క అతికిస్తే రెండో టోన్ నాబ్ బ్రిడ్జికి కూడా వర్తిస్తుంది. ఇంత తక్కువ పనితో ఇంత మేలు చేసే మార్పు మరొకటి లేదని నా నమ్మకం. ఇంకో ఇబ్బంది వాల్యూం తగ్గించినప్పుడు వస్తుంది. ధ్వని చిన్నబోవడమే కాదు, మొద్దుబారుతుంది కూడా. తగ్గించిన నాబ్ నిరోధం, కేబుల్‌కు సహజంగా ఉండే కెపాసిటెన్స్ కలిసి పై స్థాయి పౌనఃపున్యాలను మింగేస్తాయి. వాల్యూం నాబ్ రెండు కొనల మధ్య ఒక బుల్లి కెపాసిటర్ పెడితే ఆ పదును నాబ్‌ను తప్పించుకుని పక్కదారిన బయటపడుతుంది.

ఎవరి అవసరం వారిది. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ తన నల్ల స్ట్రాట్‌కు చిన్న స్విచ్చి ఒకటి చేర్పించి, మామూలు వైరింగ్‌లో దొరకని మెడ, బ్రిడ్జి జోడీని సాధించుకున్నాడు. 2019 వేలంలో ఆ గిటార్ 39.75 లక్షల డాలర్లు పలికింది. మరో గిటారిస్టు ఎడ్డీ వాన్ హాలెన్ ఎదురుదారి పట్టాడు. ఉన్నవి తీసేసి, గిబ్సన్ గిటార్ నుంచి ఊడదీసిన ఒక్క పికప్‌నూ ఒక్క వాల్యూం నాబ్‌నూ మిగుల్చుకున్నాడు. పెద్ద శబ్దానికి పికప్ కీచుమనకుండా దాన్ని కరిగిన మైనంలో ముంచాడు. 1978లో అతని బృందం తొలి ఆల్బం వచ్చాక కుర్రకారు ఆ తీరునే పట్టుకున్నారు.

మన దగ్గర ఇదే తెగువ పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌ది. జంట తీగల మాండలిన్‌ను పక్కనపెట్టి ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ ఎంచుకున్నారు. గమకం సాగడానికి నాదం నిలవాలి. ఆ నిలకడ పికప్, ఆంప్లిఫయర్ వల్ల దొరికింది.

అగ్గిపుల్లల సంగతి చివరికి ఫెండర్ కంపెనీకీ ఎక్కింది. 1977లో స్ట్రాట్‌కు ఐదు స్థానాల స్విచ్చి వచ్చింది. రెండు మధ్య ధ్వనులకూ సొంత గాడులు ఏర్పడ్డాయి. తర్వాతి కాలపు చాలా మోడళ్లలో నడిమి పికప్ అయస్కాంతాన్ని తిరగేసి, తీగను కూడా ఎదురు దిక్కులో చుట్టారు. రెండూ తిరగబడ్డాయి కాబట్టి తీగల సంకేతాలు కలిసే ఉంటాయి. కరెంటు లైన్ల నుంచి వచ్చే హమ్ మాత్రం అయస్కాంతంతో పనిలేనిది. చుట్ట దిశ మారడంతో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో హంబకర్ రూపొందించింది ఈ సూత్రం మీదే.

తమ గిటార్ మీద చెయ్యి వేయాలనుకునేవారు ఖరీదైన పికప్‌ల జోలికి పోకముందు టోన్ కెపాసిటర్‌తో మొదలుపెట్టాలని నా మనవి. 1954 నాటి స్ట్రాట్‌లో వేసింది 0.1 మైక్రోఫారడ్, నాబ్ పూర్తిగా తిప్పితే ధ్వని దుప్పటి కప్పినట్టవుతుంది. నేడు ఎక్కువగా వేసే 0.022తో పదును తగ్గినా పలుకు మిగులుతుంది. రెంటినీ క్రొకడైల్ క్లిప్పులతో తగిలించి, మీ సొంత ఆంప్లిఫయర్ మీద విని, నచ్చినదాన్నే సోల్డర్ చేయండి. తీసిన భాగాలను మాత్రం పారేయకండి.