పాట ఎవరిది? – గ్యారేజి రాక్ బృందాలు, పాత రిథమ్ అండ్ బ్లూస్ పాటలు

ఒకరు పాడిన పాటను మరొకరు తిరిగి పాడటం ఏ దేశ సంగీతంలోనైనా ఉన్నదే. ఆ పాట మొదట ఎవరి గొంతున పలికిందో శ్రోతలకు గుర్తుంటుందా అన్నది వేరే ప్రశ్న. అమెరికాలో ఆ ప్రశ్నకు వర్ణవివక్ష, వ్యాపారం రెండూ తోడై అది న్యాయాన్యాయాల సమస్యగా పరిణమించింది. డెట్రాయిట్ నగరంలో 1994లో ఏర్పడిన 'డెట్రాయిట్ కోబ్రాస్' బృందాన్ని ఆధారంగా చేసుకొని ఆ విషయాన్ని ఇక్కడ వివరించదలచాము.

ముందుగా రెండు పేర్లను గురించి. నల్లజాతివారు పాడిన రికార్డులను అమెరికన్ వ్యాపారులు చాలాకాలం 'రేస్ రికార్డ్స్', అనగా జాతి రికార్డులు, అని విడిగా లెక్కకట్టేవారు. 1949లో 'బిల్‌బోర్డ్' పత్రిక ఆ మాటను విడిచి 'రిథమ్ అండ్ బ్లూస్' అన్న పేరు పెట్టింది. ఆ పేరు సూచించినవాడు ఆనాడు ఆ పత్రికలో పనిచేస్తున్న జెర్రీ వెక్స్‌లర్. పేరు మారింది గాని పట్టిక మాత్రం వేరుగానే ఉండిపోయింది. ఇక గ్యారేజి రాక్ అన్నది 1960లలో కారు నిలిపే షెడ్డులో, చవక గిటార్లతో సాధన చేసిన కుర్రవాళ్ల సంగీతం. శిక్షణ తక్కువ, ఉత్సాహం ఎక్కువ. వారిలో చాలామందికి పాఠ్యగ్రంథాలు ఆ నల్లజాతి రికార్డులే.

'లూయీ లూయీ' కథ అందుకు మంచి నిదర్శనం. రిచర్డ్ బెర్రీ అనే నల్లజాతి గాయకుడు దానిని రచించి 1957లో విడుదల చేశాడు. తరువాత తన పెళ్లి ఖర్చులకై ఆ పాట ప్రచురణ హక్కును 750 డాలర్లకు అమ్ముకున్నాడు. 1963లో 'కింగ్స్‌మెన్' అనే తెల్లజాతి కుర్రవాళ్ల బృందం అదే పాట పాడగా దేశమంతా మారుమ్రోగి, బిల్‌బోర్డ్ పట్టికలో రెండవ స్థానానికి చేరింది. ఆ గాయకుని ఉచ్చారణ ఎంత అస్పష్టమంటే, అందులో అశ్లీలమేదో దాగి ఉన్నదని ఫిర్యాదులు రాగా ఎఫ్.బి.ఐ. వారు విచారణ జరిపి, మాటలే అర్థం కావడం లేదని తేల్చి ఊరుకున్నారు! బెర్రీకి తన పాటపై హక్కు తిరిగి దక్కేసరికి 1980లు వచ్చాయి.

ఇక్కడ చట్టం సంగతి తెలుసుకోవాలి. 1909 నాటి అమెరికన్ చట్టం ప్రకారం ఒకసారి రికార్డుగా వెలువడిన పాటను ఎవరైనా తిరిగి రికార్డు చేయవచ్చు. హక్కుదారునికి నిర్ణీత రుసుము చెల్లిస్తే చాలు. ఆ రుసుము 1978 వరకూ ప్రతికి రెండు సెంట్లు మాత్రమే. అదైనా రచయితకో, ప్రచురణకర్తకో చెందుతుంది. ఆ పాటకు ముందు తన గొంతుతో ప్రాణం పోసిన గాయనికి అందులో దమ్మిడీ రాదు.

న్యూ ఆర్లియన్స్ గాయని ఇర్మా థామస్ అనుభవం ఇదే. ఆమె 1964లో 'టైమ్ ఈజ్ ఆన్ మై సైడ్' పాడింది. ఆ సంవత్సరమే ఇంగ్లండుకు చెందిన రోలింగ్ స్టోన్స్ దానిని పాడి అమెరికాలో ఆరవ స్థానానికి చేర్చారు. ఆపై ఆమె సభలలో ఆ పాట ఎత్తుకుంటే, 'రోలింగ్ స్టోన్స్ పాట పాడుతున్నారే' అనేవారట శ్రోతలు. మనస్సు నొచ్చుకొని ఆమె ఎన్నో ఏండ్లు ఆ పాటనే విడిచిపెట్టింది.

మన గజల్‌లో ఈ ప్రమాదం కొంత తక్కువ. మఖ్తాలో కవి తన తఖల్లుస్‌ను పొదిగి ఉంచుతాడు. ఎవరు పాడినా అతని పేరు పలుకక తప్పదు. క్షేత్రయ్య పదాలకు మువ్వగోపాల ముద్ర చేసేదీ ఆ పనే. రికార్డు పాటకు ఆ రక్ష లేదు. పేరంతా మధ్యనున్న కాగితపు చీటీ మీదనే.

డెట్రాయిట్ కోబ్రాస్ చేసిన పని దీనికి భిన్నమని మా అభిప్రాయం. గాయని రేచెల్ నేగీ, గిటార్ వాయించే మేరీ రమీరెజ్ ఆ బృందానికి మూలస్తంభాలు. సొంత పాటలు వారికి బహు అరుదు. వారు ఎక్కువగా ఎంచుకున్నవి లోకం నెత్తిన పెట్టుకున్న పాటలు కావు, మరుగున పడినవి. గ్రామఫోను రికార్డుకు రెండు ముఖాలు. అమ్ముడుపోయే పాట మొదటి వైపు, మిగిలినది రెండవ వైపు. ఇర్మా థామస్ 1963లో పాడిన 'హిట్టిన్ ఆన్ నథింగ్' అలా రెండవ వైపున ఉండిపోయిన పాట. దాని రచయిత అలెన్ టూసెంట్. అయితే చీటీ మీద ఉండే నేయోమీ నెవిల్ ఆయన తల్లి కన్నెపేరు. 1998లో కోబ్రాస్ తమ తొలి ఆల్బములో ఈ పాటను, 2001 ఆల్బములో ఇర్మా పాడినదే అయిన 'క్రై ఆన్'ను చేర్చారు.

పాత రికార్డులలో సాక్సఫోను, పియానో, వంతపాట కలసి చేసే పనిని ఇక్కడ రెండు గిటార్లు నెత్తికెత్తుకుంటాయి. నగిషీ పోతుంది, ఊపు మిగులుతుంది. అనుకరణకు దిగక నేగీ తన బొంగురు గొంతుతోనే పాడింది. అందువల్ల విన్నవారికి మూలం ఎలా ఉండేదో వినాలన్న కోరిక పుడుతుంది. సొంత రచన లేనివారని వీరిని చులకన చేయడం సరికాదు. ఎన్నిక కూడా ఒక విద్యయే. అయితే వీరు ఎంత శ్రద్ధతో పాడినా పాత గాయనికి రుసుము రాదన్న మాట నిజమే. ఆ లోపం చట్టానిది.

నేగీ 2022 జనవరిలో మరణించింది. ఇర్మా థామస్‌ను 2024 మే 2న న్యూ ఆర్లియన్స్ జాజ్ ఉత్సవంలో రోలింగ్ స్టోన్స్ వారే వేదికపైకి ఆహ్వానించగా, వారితో కలసి ఆమె 'టైమ్ ఈజ్ ఆన్ మై సైడ్' పాడింది. అప్పటికి ఆమె వయస్సు 83.