చూపింది సరస్సు.. ఇచ్చింది గోడ!

సుందర దృశ్యాల పేరిట అధిక అద్దె తీసుకుంటే నిలదీయవచ్చు
వినియోగదారులకు అండగా 2019 చట్టం

చిట్టమూరు: ప్రకటనలోని ఫొటోలో గది ముందే నీలిరంగు జలాలు. తీరా వెళ్లి కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. వేల రూపాయల అద్దె ముందే చెల్లించిన కుటుంబం చేసేది లేక రెండు రోజులు గడిపి, తమ రాత ఇంతేననుకుంటూ తిరుగుముఖం పడుతుంది. సెలవుల్లో విహారానికి వెళ్లే పలువురికి ఎదురయ్యే అనుభవమిది. ఈ నష్టాన్ని మౌనంగా భరించనవసరం లేదు. అయితే ప్రకృతి కలిగించిన నిరాశ వేరు, హోటల్ చేసిన లోపం వేరు. ఈ తేడాను గుర్తించి ఆధారాలు భద్రపరచుకున్నవారికే పరిహారం పొందే అవకాశం ఉంటుంది.

పక్షులు రాకుంటే ఎవరి తప్పు?

చిట్టమూరు మండలాన్ని ఆనుకొని ఉన్న పులికాట్ సరస్సే ఇందుకు ఉదాహరణ. ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో రెండో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. శీతకాలంలో ఇక్కడికి వచ్చే ఫ్లెమింగోలు లోతు తక్కువగా ఉన్న నీటిలోనే ఆహారం వెతుక్కుంటాయి. వర్షాలకు నీరు పెరిగినా, ఎండలకు ఇంకిపోయినా అవి తావు మారుస్తాయి. దొరవారిసత్రం మండలంలోని నేలపట్టులో గూడబాతుల సందడి సైతం ఆ కాలానికే పరిమితం. మే నెలలో వచ్చి పక్షులు కనిపించలేదని బస ఇచ్చినవారిని తప్పుపట్టడం సరికాదు.

అదే హోటల్ ‘ఏడాది పొడవునా గది నుంచే పక్షుల వీక్షణం’ అని ప్రకటించి అద్దె వసూలు చేస్తే పరిస్థితి మారుతుంది. అప్పుడది తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది. సరస్సు కనిపించే గదికి అదనపు ధర తీసుకొని మరో గది ఇవ్వడం, చెప్పిన ఏసీ, వేడినీరు వంటి వసతులు లేకపోవడం, గది అపరిశుభ్రంగా ఉండడం సేవా లోపం కిందికి వస్తాయి.

బిల్లును పరిశీలించాలి

గది అద్దెపై పన్ను ఎంతో తెలుసుకోవడం అవసరం. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 వరకు ఉన్న గదులపై జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. భోజనం బిల్లులో సర్వీసు ఛార్జీని తప్పనిసరి చేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు జారీ చేసింది. వీటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది.

రసీదు అడుగున ‘యాజమాన్యం బాధ్యత వహించదు’ అని ముద్రించినంత మాత్రాన హోటల్ తప్పించుకోలేదు. ఢిల్లీలోని ఓ నక్షత్ర హోటల్‌లో 1998లో సిబ్బందికి అప్పగించిన అతిథి కారు చోరీకి గురైంది. హోటల్ నిర్లక్ష్యం ఉన్నప్పుడు అటువంటి షరతు రక్షణ కాబోదని సుప్రీంకోర్టు 2019 నవంబరులో స్పష్టం చేసింది.

ఆధారాలే బలం

- గదిని బుక్ చేసేటప్పుడే ప్రకటనను, ఫొటోలను, రద్దు నిబంధనలను ఫోన్‌లో భద్రపరచాలి.
- ‘సరస్సు కనిపించే గది’ అన్న మాటను సందేశం రూపంలో రాయించుకోవాలి.
- లోపం కనిపించిన వెంటనే మేనేజరుకు రాతపూర్వకంగా తెలిపి, గది మార్చమని కోరాలి.
- గది, కిటికీ దృశ్యాలను తేదీతో సహా ఫొటో తీయాలి.
- బిల్లు, చెల్లింపు రసీదు తప్పక తీసుకోవాలి. ఖాళీ చేసి వచ్చాక చేసే నోటి ఫిర్యాదుకు విలువ తక్కువ.

ఫిర్యాదు ఇలా..

తొలుత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ రాజీ కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. 1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. హోటల్ ఎంత దూరాన ఉన్నా, ఫిర్యాదుదారు తాను నివసించే ప్రాంత పరిధిలోని కమిషన్‌లోనే కేసు వేసే వీలును ఇది కల్పించింది. ఊటీలోనో, కేరళలోనో మోసపోయిన చిట్టమూరు వాసి అక్కడికి తిరగనవసరం లేదు.

చెల్లించిన మొత్తం రూ.5 లక్షల వరకు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. సేవా లోపం రుజువైతే చెల్లించిన సొమ్ము వాపసుతో పాటు, నష్టపరిహారం, ఖర్చులు ఇప్పించే అధికారం కమిషన్‌కు ఉంది.

పులికాట్ తీరంలో పర్యాటకులపై ఆధారపడి బస నడిపేవారికీ ఇందులో పాఠం ఉంది. నీరు ఎప్పుడుంటుందో, పక్షులు ఏ నెలల్లో వస్తాయో ముందే చెబితే అతిథి తగిన సమయంలో వస్తాడు. దాచిపెడితే ఒకసారి అద్దె దక్కవచ్చు గానీ, ఆ అతిథి మళ్లీ ఈ తీరం వైపు చూడడు.